అమ్మమ్మ కాసులు పంచుకున్న వైనం

మా అమ్మకు వాళ్ళమ్మ నుంచి వచ్చినవి మొత్తం 14 బంగారు నాణేలు. అన్నిటినీ కలేసి ‘ఇంగ్లీషు కాసులు’ అనడమే తప్ప, ఏది ఏమిటో ఇంట్లో ఎవరం చూసిన పాపాన పోలేదు. కిందటేడు అమ్మ, “నేనుండగానే పంచేసుకోండి, తర్వాత తగూలెందుకు” అని పట్టుబట్టింది. అన్నయ్య పాలకొల్లులో అమ్మ దగ్గరే ఉంటాడు, నేను హైదరాబాదులో, అక్క డాలస్‌లో. మూడు వాటాలు. “తూకం వేయించి పంచేద్దాం, ఆచారిగారి దగ్గర కాటా ఉంది, పావుగంట పని” అన్నాడు అన్నయ్య. ఆ పావుగంట పనికి దాదాపు ఏడాది పట్టింది. ఇళ్ళలో ఇలాంటి కాసులున్న వాళ్ళకు పనికొస్తుందని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ముందు అన్నిటినీ ఒక తెల్ల తువ్వాలు మీద పరిచి, ఒక్కోదాన్నీ రెండు వైపులా, అంచూ ఫోన్లో ఫోటో తీశాను. తీస్తున్నప్పుడే తేడాలు బయటపడ్డాయి. తొమ్మిదింటికి పైన కొక్కెం టంకం వేసి ఉంది. ఎప్పుడో కాసులపేరులో ఉన్నవి. పెద్దమ్మ పెళ్ళికి ఆ పేరు విప్పి సగం ఆవిడకిచ్చారట. మిగిలిన ఐదింటికి ఏ అతుకూ లేదు. ఆ ఐదింట్లో ఒకటి మిగతా వాటికంటే చేతిలో బరువుగా, వెడల్పుగా తగిలింది. ఎక్కువ వాటి మీద ఉన్నట్టు దాని మీద గుర్రమూ లేదు, రౌతూ లేదు. ఒకవైపు కిరీటం పెట్టుకున్న రాణి, రెండోవైపు పూలతీగ అంచు మధ్యలో ఇంగ్లీషు అక్షరాలు. వరలక్ష్మీ వ్రతానికి కలశం ముందు పెట్టేది అదే కాబట్టి విక్టోరియా పేరులోని అక్షరాల సందుల్లో కుంకుమ గట్టిపడిపోయి ఉంది. వదిన అన్నిటినీ కుంకుడు రసంలో వేసి పాత బ్రష్షుతో తోమేస్తానంది. వద్దని బతిమాలుకున్నాను. నగ తళతళలాడాలి గానీ పాత నాణేనికి ఆ తళతళే చేటు. బ్రష్షు గీసే సన్నటి గీతలు కొనేవాడి భూతద్దంలో చెరువుకట్ట మీద బండిజాడల్లా కనిపిస్తాయి.

తర్వాత తూకం. ఇంగ్లీషు కాసు అసలు పేరు సవరను. దాని బరువు 7.98 గ్రాములు, వ్యాసం 22 మిల్లీమీటర్ల పైచిలుకు, 22 క్యారెట్ల బంగారం, మిగతాది రాగి. మన వైపు కాసంటే ఎనిమిది గ్రాములనే లెక్క ఈ తూకానికి సరిగ్గా సరిపోతుంది. రాణి బొమ్మ పెద్ద నాణెం 11.64 చూపించింది. పాత తులానికీ దీనికీ తేడా లేనట్టే. ఆచారిగారు దాన్ని అరచేతిలో ఒకసారి ఎగరేసి పట్టుకుని, “ఇది కాసు కాదండీ, మొహరు. మా తాతగారి దగ్గర చూశాను” అన్నారు. మొహరంటే ఇంగ్లీషు సవరను కాదు, ఇండియాలోనే కొట్టిన పాత బంగారు నాణెం. అన్నీ ఒకటే అనుకుని తూకంతో పంచేద్దామన్న అన్నయ్య లెక్క ఆ మాటతో తలకిందులైంది.

కొక్కెం ఉన్న పూర్తి సవరన్లు 8.1, 8.2 అలా తూగాయి. కొక్కెం, టంకం కలిసిన బరువది. టంకంలో బంగారం తక్కువ కాబట్టి కరిగించేవాడు దానికి తరుగు తీస్తాడు. ఒక్క కాసు మాత్రం కొక్కెంతో కలిపి కూడా 7.62 దగ్గరే ఆగిపోయింది. కాటా చెడిందేమోనని మళ్ళీ వేశాం. అదే అంకె.

ఆచారిగారు గీటురాయి తీశారు. రాయి మీద రుద్దితే అంచు గీతలు అరిగిపోతాయని ఆపాను. ఆయన కాస్త నొచ్చుకున్నారు గానీ సరేనన్నారు. దానికి బదులు ఇంట్లోనే నీళ్ళ పరీక్ష చేశాను. చిన్న కాటా మీద సగం గ్లాసు నీళ్ళు పెట్టి అంకె సున్నా చేయాలి. కాసును సన్నటి దారానికి కట్టి, గ్లాసు అడుగుకీ గోడలకీ తగలకుండా నీళ్ళలో పూర్తిగా ముంచి వేలాడదీయాలి. అప్పుడు కాటా చూపించే అంకెతో కాసు బరువును భాగిస్తే సాంద్రత వస్తుంది. రాగి కలిసిన 22 క్యారెట్ల బంగారానికి అది పదిహేడున్నర దాటి ఉండాలి. మంచి సవరనుకు కాటా 0.45 చూపించింది, అంటే 17.7. మొహరుకు 0.66, అదీ సరిపోయింది. అనుమానపు కాసుకు 0.47 వచ్చింది. తక్కువ బరువున్నది ఎక్కువ నీళ్ళను తోసిందంటే అందులో రాగి పాలు ఎక్కువన్న మాట. తర్వాత హైదరాబాదులో హాల్‌మార్కింగ్ చేసేవాళ్ళ దగ్గర క్యారెట్ మీటరు కింద పెట్టిస్తే దాని సంగతి 20 క్యారెట్లని తేలింది. మీటరు నాణేన్ని ముట్టుకోదు, గీత పెట్టదు. పాత నాణేలకు అదే మంచి దారి.

భూతద్దం కింద పెడితే ఆ కాసు మీద గుర్రం తోక వెంట్రుకలు విడివిడిగా లేవు, ముద్దలా ఉంది. అచ్చుతో కొట్టిన నాణెంలో రాని సన్నటి గుంటలు ఆ ముఖమంతా ఉన్నాయి. అంటే పోత పోసిందే. సెయింట్ జార్జి డ్రాగన్‌ను చంపే ఆ బొమ్మ గీసినవాడు బెనెడెట్టో పిస్ట్రుచ్చి అనే ఇటలీ వాడు. 1817 నుంచి సవరను మీద అదే బొమ్మ, మధ్యలో కొన్ని దశాబ్దాలు డాలు బొమ్మ వచ్చినా. అసలు కాసు మీద కింద కుడివైపు ఆయన పేరులోని రెండు పొడి అక్షరాలు బియ్యపుగింజలో సగమైనా లేనంత చిన్నగా ఉంటాయి. 1913 అని ఉన్న మా అనుమానపు కాసులో అక్కడ నున్నగా ఉంది. అమ్మను అడిగితే కాసేపు ఆలోచించి, “ఎవరి పెళ్ళిలోనో ఒకటి పోయిందని మీ తాతయ్య చేయించి పెట్టారు కదా” అంది, పెరుగులో నీళ్ళు కలిపిన సంగతి చెప్పినంత మామూలుగా.

మిగతావాటిని రాణి, రాజుల తలల్ని బట్టి విడదీశాను. ముసుగు వేసుకున్న ముసలి విక్టోరియా 1893 నుంచి 1901 వరకు. బట్టతల, గడ్డం ఉన్నది ఏడో ఎడ్వర్డ్, 1902 నుంచి 1910. ఆ తర్వాత ఐదో జార్జి. మాకు రాణివి రెండు, ఎడ్వర్డువి మూడు, జార్జివి నాలుగు సవరన్లు, రెండు అర సవరన్లు వచ్చాయి. అసలు చూడాల్సింది మాత్రం తల కాదు. గుర్రం కాళ్ళ కింద నేల గీత ఉంటుంది, దాని మధ్యలో ఒక్క అక్షరం ఉందా లేదా అన్నది. లేకపోతే లండన్ టంకశాలది. ఎం అంటే మెల్‌బోర్న్, ఎస్ సిడ్నీ, పి పెర్త్, సి ఒట్టావా. మా 1899 రాణి కాసు మెల్‌బోర్న్ నుంచి వచ్చింది. జార్జివాటిలో ఒకదాని మీద ఐ కనిపించింది. ఎండలోకి తీసుకెళ్ళి పక్కకు వంచి చూస్తే గానీ కనపడని నిలువు గీత, అంతే. కాసు మీద ఏడాది 1918.

ఐ అంటే ఇండియా. బొంబాయి టంకశాల. మొదటి ప్రపంచయుద్ధం వల్ల లండన్ నుంచి సవరన్ల రాక కష్టమైంది. బంగారం ఇక్కడ ఉంది, నాణేలు చాలవు. అందుకని బొంబాయిలో ముందు అదే బరువుతో, అదే మేలిమితో పదిహేను రూపాయల బంగారు నాణెం కొట్టారు. తర్వాత అక్కడే లండన్ రాయల్ మింటు శాఖ పెట్టి సవరన్లు కొట్టారు. ఆ రోజుల్లో బొంబాయిలో ఐ అక్షరంతో కొట్టిన సవరన్ల మీద ఉండే ఏడాది 1918 ఒక్కటే, దాదాపు 13 లక్షల నాణేలు. లండన్‌లో 1912లో ఒక్క ఏడాదిలో 3 కోట్ల పైన కొట్టారు కాబట్టి పోల్చి చూసుకోవచ్చు. ఆ పదిహేను రూపాయల నాణెం కూడా మా 14లో ఒకటి ఉంది! గుర్రం లేదని, రూపాయిబిళ్ళలా ఉందని అమ్మమ్మ దాన్ని పేరులో గుచ్చనివ్వలేదట. అందుకే కొక్కెం పడకుండా బతికిపోయింది. దాని మీద జార్జి రాజు వేసుకున్న అంగీ మీద చిన్న ఏనుగు బొమ్మ ఉంటుంది. 1911లో వచ్చిన వెండి రూపాయిలో ఆ ఏనుగు పందిలా కనిపిస్తోందని గొడవై, తర్వాతి ఏడాది తొండం సరిచేశారు. మా నాణెంలో తొండం స్పష్టంగా ఉంది. మా అన్నయ్య కూతురు భూతద్దం లాక్కుని చూసింది అదొక్కటే.

ఇవన్నీ గోదావరి జిల్లాలో మా ఇంటికెలా వచ్చాయన్నది పెద్ద చిక్కుముడేం కాదు. 1899 చట్టంతో సవరను ఇండియాలో 15 రూపాయలకు చెల్లుబాటు అయింది. ధవళేశ్వరం ఆనకట్ట 1852 నాటికే పూర్తయి డెల్టాలో వరి రెండు చేతులా పండుతోంది. అమ్మమ్మ వాళ్ళ నాన్న కాకినాడ రేవుతో ధాన్యం వ్యాపారం చేశారు. వచ్చిన దాంట్లో కొంత కాసుల రూపంలో దాచారు. అంతకు ముందైతే మన వైపు వరహాలు. కంపెనీ వాళ్ళు మద్రాసులో కొట్టిన వరహాకు మూడున్నర రూపాయలు మారకం. 1818లో మద్రాసు రూపాయి లెక్కలోకి మారింది. దానికి పదేళ్ళ ముందు గోపురం బొమ్మతో కొట్టిన వరహా నాణేల మీద తెలుగు అక్షరాలు కూడా ఉంటాయి. అలాంటిది ఒక్కటైనా ఉంటుందేమోనని ఆశగా వెతికాను గానీ లేదు.

ఇక ధర. ఇక్కడ కాస్త గట్టిగా చెప్పాలి. ‘రాణి బొమ్మ నాణెం ఉందా, మీరు కోటీశ్వరులు’ అని చెప్పే వీడియోలు అన్నయ్య వాట్సాప్‌లో రోజూ పంపేవాడు. ఒకరు ఫోన్ చేసి, రిజర్వు బ్యాంకు అనుమతి ఫీజు కడితే మొహరుకు 40 లక్షలు ఇప్పిస్తామన్నారు. పాత నాణేల అమ్మకానికి తన పేరు చెప్పి ఫీజులు, కమీషన్లు అడిగేవాళ్ళను నమ్మొద్దని రిజర్వు బ్యాంకు 2021లోనే ప్రకటన ఇచ్చింది. ఆ ప్రకటన అన్నయ్యకు పంపాక వీడియోలు తగ్గాయి. నిజం ఏమిటంటే ఈ సవరన్లలో ఎక్కువ శాతం బంగారం ధరకే పోతాయి, కొక్కెం ఉంటే మరీను. కోట్లలో కొట్టిన నాణెం అరుదెలా అవుతుంది? 1917లో లండన్‌లో కొట్టినదైతే వేరే సంగతి, అది నిజంగా దొరకదు. దొరకదు కాబట్టే దాని నకళ్ళు మాత్రం పుష్కలంగా దొరుకుతాయి. బొంబాయి 1918కి, పదిహేను రూపాయలకి అడిగేవాళ్ళుంటారు, బంగారం మీద కొంత ఎక్కువ ఇస్తారు. అదీ ఒళ్ళు చెడకుండా ఉంటేనే.

మొహరు మాత్రం అమ్ముదామనుకున్నాం. దాని మీద ఏడాది 1862. 1877లో పేరు పక్కన ఎంప్రెస్ అని రావడానికి ముందు కాలం కాబట్టి క్వీన్ అనే ఉంది. మొహరు ఆ రోజుల్లో సరుకు కొనే డబ్బు కాదు. 1835 చట్టమే బంగారు నాణేన్ని చెల్లుబాటు డబ్బు కాదనేసింది. పదిహేను రూపాయల విలువ అనుకున్నా, దాచుకోవడానికీ కానుకలకీ వాడుకునేవారు. ముంబయిలో నాణేల వేలం వేసే ఒక సంస్థకు ఫోటోలు పంపాను. తెచ్చి చూపించమన్నారు. అక్కడ కూర్చున్న పెద్దమనిషి చేతులకు గుడ్డ తొడుగులు వేసుకుని నాణేన్ని అంచులతోనే పట్టుకున్నాడు. ముందు తూకం, తర్వాత అంచు, తర్వాత చాలాసేపు కిరీటం. అది పాత అచ్చులతో తర్వాత ఎప్పుడో సేకర్తల కోసం టంకశాలలోనే కొట్టిన నకలా కాదా అన్నది ఆయన చూస్తున్నది. అలాంటివి అద్దంలా మెరుస్తాయట. మాది కిరీటం మీది ముత్యాల దగ్గర, రాణి బుగ్గ మీద అరిగి ఉంది. ఆ అరుగుదలే దానికి సాక్ష్యం అయింది. కుంకుమ సంగతి అడిగితే, “దాన్ని అలాగే వదిలేయండి, కొన్నవాళ్ళ ఇష్టం” అన్నాడు.

కాగితాల దగ్గర కొంత పని పడింది. పాన్, ఆధార్, బ్యాంకు వివరాలు మామూలే. నాణెం వారసత్వంగా వచ్చిందని అమ్మ సంతకంతో ఒక ప్రకటన రాయించుకున్నారు. భూమిలో దొరికినదైతే కథ వేరు. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ఇంకా అమల్లోనే ఉంది, పది రూపాయలు దాటిన ఏ నిధి దొరికినా కలెక్టరుకు చెప్పాలి. మా ఆడిటరును ఇంకో మాట అడిగాను, పన్ను గురించి. వారసత్వ బంగారానికి 2001 ఏప్రిల్ 1 నాటి విలువను కొన్న ధరగా తీసుకోవచ్చు. దాని పైన వచ్చిన లాభానికి 2024 జూలై తర్వాత అమ్మితే 12.5 శాతం. ఆడిటరు ఆ పాత తేదీకి విలువ కట్టిన కాగితం ఒకటి తయారు చేయించమన్నాడు, చేయించాం.

వేలంలో కనీస ధర మేమే చెప్పాలి. నేను బంగారం విలువ మీద సగం కలిపి చెప్పాను. ఆ రోజు ఆన్‌లైన్లో చూస్తూ కూర్చున్నాం. మా నాణెం వంతు నిమిషంలోపే అయిపోయింది, అమ్మ చెంబు తీసుకుని లోపలికెళ్ళి వచ్చేలోపు. కరిగిస్తే వచ్చేదానికి రెండింతలు దాటింది. కమీషను, దాని మీద జీఎస్టీ పోగా మిగిలింది కొన్ని వారాలకు అమ్మ ఖాతాలో పడింది. కోటి కాదు కదా, దాని దరిదాపుల్లోకి కూడా రాలేదు. అన్నయ్య ముఖం చూడాల్సింది.

ఇంతలో అక్క వాటా దగ్గర చిక్కొచ్చింది. తన కాసులు డాలస్ తీసుకెళ్ళిపోతానంది. 1972 పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్ళు దాటిన ఏ నాణెమైనా పురావస్తువే, దాన్ని మామూలు మనుషులు దేశం దాటించకూడదు. పట్టుబడితే కనీసం ఆరు నెలలు జైలు. మా కాసుల్లో చివరిది 1918ది, అంటే అన్నీ నూరేళ్ళు దాటినవే. మెళ్ళో వేసుకుని వెళ్ళిపోయేవాళ్ళు బోలెడుమంది ఉన్నారని అక్క వాదించింది. ఉన్నారు, కాదనను. ఎయిర్‌పోర్టులో ఆపినప్పుడు మాట్లాడాల్సింది మాత్రం నేను కాదు, నువ్వని చెప్పాను. రెండు రోజులు ఫోన్ ఎత్తలేదు. మూడోరోజు తనే చేసి, “అయితే నావి అమ్మ లాకర్లో ఉంచండి” అంది.

పంపకం ఇలా తేలింది. మొహరు డబ్బు మూడు సమ భాగాలు. తొమ్మిది సవరన్లలో కొక్కెం ఉన్నవి ఆరు, లేనివి మూడు. కాబట్టి ఒక్కొక్కరికి కొక్కెం కాసులు రెండు, శుభ్రమైనది ఒకటి. శుభ్రమైన వాటిలో బొంబాయి కాసు నా వాటాకు వచ్చింది, అది కావాలన్నందుకు మిగతా ఇద్దరికీ కొంత ఎదురిచ్చాను. చివరికి మిగిలినవి అర సవరన్ల జత, పదిహేను రూపాయల నాణెం, తాతయ్య చేయించిన దొంగ కాసు. వీటికి అమ్మ చేత చీట్లు తీయించాం, తక్కువ పడినవాళ్ళకు డబ్బుతో సర్దుదామని ముందే అనుకున్నాం. అర సవరన్లు నాకు, పదిహేను రూపాయలు అన్నయ్యకు. వదిన దానికి కొక్కెం వేయించి పాప మెళ్ళో వేస్తానంటోంది. ఆచారిగారికి నేను ముందే ఫోన్ చేసి చెప్పి ఉంచాను.

దొంగ కాసు అక్కకొచ్చింది. మొదట మూతి ముడుచుకుంది గానీ, కాసేపటికి తనే లెక్క తేల్చింది. తాతయ్య చేయించినదంటే దానికి నూరేళ్ళు నిండలేదు. అంటే మొత్తంలో చట్టప్రకారం విమానం ఎక్కగలిగేది అదొక్కటే. మీద 1913 అని ఉంది కాబట్టి కస్టమ్స్ వాళ్ళు ఊరికే వదలరు. ఇది పురావస్తువు కాదని భారత పురావస్తు సర్వేక్షణ సంస్థ వాళ్ళ దగ్గర సర్టిఫికెట్ తీసుకోవాలి. గుర్రం తోక ముద్దగా ఉన్న చోట, పొడి అక్షరాలు లేని చోట దగ్గరగా ఫోటోలు తీసి పంపమని నన్ను తొందరపెడుతోంది. క్యారెట్ మీటరు కాగితం కూడా జత చేస్తున్నాను.